డ్రాగన్, డంజియన్ పత్రికలు డిజిటల్ అయ్యాక: ఏళ్ల తరబడి వాడినవాడి మాట

2007 సెప్టెంబరులో డ్రాగన్ 359వ సంచిక, డంజియన్ 150వ సంచిక వచ్చాయి. కాగితం మీద అవే ఆఖరివి. ఈ రెండూ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట కోసం వచ్చే పత్రికలు; అందులో ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు అందులోని పాత్రలుగా ఆడతారు. 1976 నుంచి వస్తున్న డ్రాగన్‌ను ఇలా ఆపేస్తారా అని అప్పట్లో ఆ ఆట ఆడేవాళ్లు చాలామంది మండిపడ్డారు. తర్వాత వచ్చిన డిజిటల్ సంచికలతోనే నేను ఏళ్ల తరబడి ఆటలు నడిపాను. నన్నడిగితే, ఈ మార్పు డంజియన్‌కి కలిసొచ్చింది. దెబ్బతిన్నది డ్రాగనే.

డంజియన్ అంటే అచ్చంగా ఆట నడిపే డీఎం (డంజియన్ మాస్టర్) కోసం పెట్టిన పత్రిక, నిండా సాహసాలే. కాగితం సంచికలో మంచి బొమ్మ ఉంటే, ఆటగాళ్లకు చూపించేటప్పుడు పక్కనున్న కథంతా అరచేత్తో మూసిపెట్టాలి. వేళ్ల సందుల్లోంచి చదివేసే ఘనులూ ఉంటారు! పీడీఎఫ్‌లో ఆ బొమ్మ వరకే కత్తిరించి చూపించొచ్చు. మ్యాప్‌ల సంగతి ఇంకా మేలు. ఆట నియమాల నాలుగో ఎడిషన్‌లో గడుల మ్యాప్ లేకుండా పోరాటం సాగడం కష్టం. ఒక్కో గడి అంగుళం ఉండేలా పెద్దది చేసి, నాలుగైదు కాగితాల మీద ప్రింట్ తీసి అతికిస్తే పాత్రల చిన్న ప్రతిమలు నేరుగా దానిమీదే నిలబెట్టొచ్చు. కాకపోతే రహస్య ద్వారాల గుర్తులూ గది నంబర్లూ మ్యాప్ మీదే ఉంటే ముందు వాటిని చెరపాలి. అది విసుగు పనే.

డ్రాగన్ అలా కాదు, అది తీరిగ్గా తిరగేసే పత్రిక. ఏదో నియమం కోసం తెరిస్తే, ఏదో రాక్షసజాతి ఎలా బతుకుతుందో, ఏం తింటుందో చెప్పే ‘ఎకాలజీ’ వ్యాసం కంటపడేది, దాంతో వచ్చే వారం ఆటే మారిపోయేది. ప్రకటనలు కూడా వదిలేవాణ్ణి కాదు. వేరే కంపెనీల ఆటలు కొన్నింటి పేర్లు నేను మొదట చూసింది వాటిలోనే. డిజిటల్‌కి వచ్చాక వెతికిందే చదువుతాం, వెతకనిది అలాగే పడి ఉంటుంది. పైగా 2008లో చందా సేవ మొదలయ్యాక పత్రికలో వచ్చిన కొత్త శక్తులూ ఫీట్లూ (పాత్రలకు దొరికే ప్రత్యేక నైపుణ్యాలు) కాంపెండియం అనే ఆన్‌లైన్ నియమాల జాబితాలోకీ, పాత్రను తయారుచేసుకునే క్యారెక్టర్ బిల్డర్‌లోకీ చేరిపోయేవి. ఆటగాడు అక్కడ టిక్కు పెట్టుకుంటే చాలు, వ్యాసం ముఖం చూడక్కర్లేదు. అది సౌకర్యమే, కాదనను. పాత రోజుల్లో ‘ఇది డ్రాగన్‌లో వచ్చింది, ఒప్పుకుంటారా?’ అని డీఎంని బతిమాలే బాధ దాంతో తప్పింది. కానీ అంత శ్రమపడి రాసిన వ్యాసం చివరికి జాబితాలో ఒక వరుసగా మిగిలింది.

చందా విషయంలో నేను చూసేది ఒక్కటే: కట్టడం మానేసిన రోజున చేతిలో ఏం మిగులుతుంది? క్యారెక్టర్ బిల్డర్ మొదట కంప్యూటర్లో దించుకునే ప్రోగ్రామ్. 2010 చివర్లో దాన్ని మైక్రోసాఫ్ట్ వారి సిల్వర్‌లైట్ అనే బ్రౌజర్ ప్లగిన్ మీద నడిచే ఆన్‌లైన్ పరికరంగా మార్చారు. ఆ సిల్వర్‌లైట్‌కే కాలం చెల్లింది, 2020 మొదట్లో ఆ పరికరాలన్నీ మూతపడ్డాయి. పత్రికలు అంతకుముందే, 2013 డిసెంబరులో, డ్రాగన్ 430తోనూ డంజియన్ 221తోనూ ఆగాయి. అప్పట్లో దించుకున్న పీడీఎఫ్‌లు మాత్రం ఇప్పటికీ తెరుచుకుంటున్నాయి. ఐదో ఎడిషన్‌లో ఆడుతున్నా, అందులోని కథనూ మ్యాపులనూ ఉంచుకుని రాక్షసుల అంకెలు మార్చుకుంటే పని జరిగిపోతుంది.

అందుకే ఇప్పుడు ఏ పత్రికైనా డిజిటల్ చందాకి మారుతోందంటే, ధర కంటే ముందు ఫైలు దించుకోనిస్తారా అనే చూస్తాను. ఇవ్వకపోతే కట్టను. ఇస్తే, వచ్చిన నెలలోనే దించి, మ్యాపులను వేరే ఫోల్డర్‌లో పెట్టేస్తాను.