రెండు రూపాయల ప్రోనోటు కాగితం: వాడి చూశాక నా రివ్యూ

ఫోన్లకీ మిక్సీలకీ రివ్యూలు రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు గానీ బాకీ తీరుస్తానని రాసిచ్చే ప్రోనోటు కాగితానికి ఎవరూ రాసినట్టు నాకు కనపడలేదు, అందుకే నేను రాస్తున్నా. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక స్టేషనరీ షాపులో కొన్నాను. కాగితం రెండు రూపాయలు. రూపాయి రెవెన్యూ స్టాంపు మాత్రం ఐదు రూపాయలన్నాడు. పోస్టాఫీసులో రూపాయికే ఇస్తారు కదండీ అంటే "అక్కడ దొరికితే తెచ్చుకోండి సార్" అన్నాడు. తీసుకున్నా, ఏం చేస్తాం.

అసలు ఎందుకు కొనాల్సొచ్చిందంటే, పోయినేడాది నా పాత బైకు ఒక ఫ్రెండుకి 48,000కి అమ్మాను. ఒకేసారి అంత లేదు మామా, నెలకి ఆరు వేల చొప్పున ఎనిమిది నెలల్లో క్లియర్ చేసేస్తా అన్నాడు. కాలేజీ రోజుల్లో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నాం, వాడి దగ్గర కాగితం మాట ఎత్తడానికి నాకు నోరెలా వస్తుంది? మొదటి రెండు నెలలూ ఐదో తారీకు పొద్దున్నే డబ్బులు పడ్డాయి. మూడో నెల మూడు వేలే వచ్చాయి, మిగతాది వచ్చే నెల దాంతో కలిపి వేస్తానన్నాడు, ఆ వచ్చే నెల రానే లేదు. ఒకసారి జీతం లేటు, ఒకసారి వాళ్ళ నాన్నగారికి కంటి ఆపరేషన్ (ఇది నిజమే, నేనూ వెళ్ళి చూసొచ్చా), ఆ తర్వాత మెసేజ్‌కి బ్లూ టిక్కులు పడతాయి, జవాబు ఉండదు. అదే వారం స్టేటస్‌లో అరకు ఫొటోలు. అందులో వెనకాల నిలబెట్టి ఉన్నది నా బండే. బాకీ ఇంకా 33,000.

డబ్బు కంటే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆర్సీ. డబ్బంతా కట్టాక పేరు మార్చుకుందాం అనుకున్నాం, దాంతో బండి వాడు తిప్పుతుంటే చలాన్లు నా ఫోనుకి వచ్చేవి, హెల్మెట్ లేకుండా వాడి వీపు ఫొటోతో సహా. బండి అమ్మినవాడు 14 రోజుల్లో ఆర్టీవోకి తెలియజేయాలని చట్టంలో ఉంది, ఆ సంగతి నాకు తెలిసేసరికి ఆరు నెలలు దాటిపోయాయి. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్ళే ఓనరు, యాక్సిడెంట్ అయితే నష్టపరిహారం కూడా వాళ్ళ మెడకే చుట్టుకుంటుందని 2018లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర లేదు.

ఇక కాగితం సంగతికొస్తే, దానిమీద భాష చూస్తే ముచ్చటేస్తుంది. మా తాతయ్య బీరువాలో నోట్ల మీదా ఇవే మాటలు: "కుటుంబ ఖర్చుల నిమిత్తం", "నెల 1కి నూటికి రూ.", "తమరు కోరినప్పుడు". ఈ చివరి మాట దగ్గరే నాకు చిక్కొచ్చి పడింది. కోరినప్పుడు అంటే నేను అడిగిన రోజున మొత్తం ఇచ్చేయాలని, ఇందులో వాయిదాలకి చోటే లేదు. నేను తెలివిగా కింద ఖాళీలో నెలకి ఆరు వేలు అని ఇరికించాను. తెలిసిన లాయరుగారు చూసి చించి పారేయమన్నారు. వాయిదాలు రాస్తే అది డిమాండు నోటు కాకుండా పోతుందట, స్టాంపు డ్యూటీ లెక్కే మారిపోతుందట. మామూలు అగ్రిమెంటుకి స్టాంపు తక్కువైతే తర్వాత పెనాల్టీ కట్టి కోర్టులో పెట్టుకోవచ్చు, ప్రోనోటుకి ఆ వీలు కూడా లేదు. అలా మొదటి ఏడు రూపాయలూ గోవిందా.

నచ్చిన విషయం వెనక వైపు. కట్టిన ప్రతిసారీ అక్కడ చెల్లు రాసి వాడి చేత సంతకం పెట్టించుకోవాలి. నోటు పట్టుకుని కోర్టుకెళ్ళడానికి గడువు మూడేళ్ళు, ఆ లోపల సంతకంతో చెల్లు పడితే అక్కడినుంచి మళ్ళీ మూడేళ్ళు. ఫోన్‌పే హిస్టరీలో డబ్బు పడినట్టు ఉంటుంది గానీ ఎందుకు పడిందో ఉండదు కదా. ఇంకో మాట, గడులు నింపకుండా ఎవరికీ సంతకం పెట్టివ్వకండి. స్టాంపు మీద సంతకం చేసిన ఖాళీ నోటు పుచ్చుకున్నవాడు దాన్ని నింపుకోవచ్చని చట్టమే చెబుతుంది.

దీన్ని వాడాల్సింది బండి తాళాలు చేతికిచ్చే రోజున. ఆ రోజు తీస్తే ఎవరూ ఏమీ అనుకోరు, నవ్వుతూనే సంతకం పెడతారు. నేను ఎనిమిదో నెలలో తీశాను, టిఫిన్ సెంటర్ దగ్గర, జేబులోంచి మడత విప్పి. వాడు ముందు నవ్వాడు. తర్వాత "కుమారుడు" అన్న గడి దగ్గర నేను నింపిన పేరు చూశాడు. "మా నాన్న పేరు కూడా రాశావా రా" అన్నాడు, అంతే, ఇంకేం మాట్లాడలేదు. సాక్షి సంతకం పెట్టమంటే టిఫిన్ సెంటర్ బాబాయి చెయ్యి తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. సాక్షులు లేకపోయినా నోటు చెల్లుతుందట, అది వేరే సంగతి. వాడు సంతకం పెట్టాడు, పేరు మార్పిడి ఫారాలు 29, 30 మీద కూడా అక్కడే పెట్టేశాడు, కాఫీ సగంలో వదిలేసి లేచాడు.

పనితనానికి 5కి 4 ఇస్తాను. వాయిదాలకి చోటు లేనందుకు ఒకటి కోసేశా.

తర్వాత నెల ఐదో తారీకు పొద్దున్నే ఆరు వేలు పడ్డాయి. మామూలుగా డబ్బుతో పాటు "మామా" అని మెసేజ్ పెట్టేవాడు. ఈసారి "నోటు తాలూకు" అని పెట్టాడు.