కారు ముందు అద్దం మార్చాలి: షోరూములోనా, బయట షాపులోనా?

చౌటుప్పల్ దాటి నార్కట్‌పల్లి దాకా కంకర టిప్పర్ వెనకాల వెళ్లినవాళ్లకు, రాయి ఎగిరొచ్చి ముందు అద్దానికి తగిలే ఆ ‘టక్’ శబ్దం తెలుసు. జడ్చర్ల నుంచి కొత్తకోట వైపు 44వ నంబరు హైవే మీదా ఇదే బాధ. మొదట గోరంత గాటే పడుతుంది. మే నెల ఎండలో నిలిపిన కారు ఎక్కి, ఏసీ ఫుల్లుగా పెట్టి గాలిని నేరుగా అద్దం మీదికి వదిలితే, బయటి పొర కాలుతూ లోపలి పొర చల్లబడి, ఆ గాటు దగ్గర గీత మొదలై చూస్తుండగానే జానెడు పాకుతుంది. కాలిన అద్దం మీద చన్నీళ్లు పోసినా అంతే.

గీత పాకకముందే చూసుకుంటే అద్దం మార్చే అవసరమే రాకపోవచ్చు. గాటు రూపాయి బిళ్లంత లోపు ఉండి, డ్రైవరు చూపుకు ఎదురుగా కాకుండా, అంచుకు రెండు మూడంగుళాలు ఎడంగా ఉంటే అందులోని గాలి లాగేసి రెజిన్ అనే జిగురు ద్రవం ఎక్కిస్తారు, అల్ట్రావయొలెట్ లైటుతో గట్టిపరుస్తారు. గంట లోపు పని. మచ్చ పూర్తిగా పోదు గానీ పాకడం ఆగుతుంది. షోరూములో అడిగితే ఎక్కువగా ‘కొత్తది వేసుకోండి సార్’ అన్న జవాబే వస్తుంది. అచ్చంగా అద్దాల పనే చేసే బయటి షాపులు ఈ పని చేస్తాయి. అక్కడికి వెళ్లేదాకా గాటు మీద ఒక ముక్క సెల్లోటేపు అంటించి ఉంచండి. లోపలికి దుమ్మో నీళ్లో దిగితే రెజిన్ పట్టదు.

మార్చక తప్పనప్పుడు అందరూ అడిగే మొదటి ప్రశ్న ‘ఒరిజినలా, డూప్లికేటా?’ అని. సగం గందరగోళం ఆ మాటలోనే ఉంది. అద్దాన్ని కారు కంపెనీ తయారు చేయదు, కొని బిగిస్తుంది. మన దేశంలో ఈ సరఫరాలో పెద్ద పేర్లు అసాహి ఇండియా, అంటే ఏఐఎస్, ఇంకొకటి సెయింట్ గోబెయిన్ సెక్యూరిట్. షోరూము అద్దం మూలన కారు కంపెనీ గుర్తూ తయారీదారు గుర్తూ రెండూ ఉంటాయి. బయట దొరికే అద్దం మీద తయారీదారు గుర్తు ఒక్కటే ఉంటుంది. మొదటి గుర్తుకు, అది నడిచొచ్చిన పంపిణీ దారికి కూడా మనమే పైసలు కడతాం.

అలాగని రెండూ అన్నివేళలా ఒకటేనని అనుకోవద్దు. పైవేరియంట్లలో కొన్నింటికి చప్పుడు తగ్గించే ప్రత్యేక పొర ఉన్న అద్దం వస్తుంది. అదే కారు కింది వేరియంటుకు మామూలు అద్దం. బయట షాపులో ‘ఇది ఈ మోడల్‌కు సరిపోతుంది’ అంటే కొలతకు సరిపోతుందని మాత్రమే అర్థం. అద్దం మధ్యలో మిర్రర్ బ్రాకెట్, వాన సెన్సరుకు వదిలిన కిటికీ, పైన ఆకుపచ్చ పట్టీ, అంచున నల్ల రంగు వెడల్పు పాత అద్దంతో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఆ నల్ల పట్టీ అందానికి కాదు, కింద ఉన్న గమ్మును, అంటే అద్దాన్ని చట్రానికి అంటించేదాన్ని, ఎండ నుంచి కాపాడటానికి. అది సన్నగా ఉంటే గమ్ము ఎండకు తగిలి పాడవుతుంది.

గుర్తులేమీ లేని అద్దం ఎంత చౌకగా ఇచ్చినా వద్దు. మన నిబంధనల ప్రకారం ముందు అద్దం లామినేటెడ్‌దే కావాలి: రెండు గాజు పొరలు, మధ్యలో పీవీబీ అనే ప్లాస్టిక్ పొర, సాధారణంగా 0.76 మిల్లీమీటర్లది. పగిలినా ముక్కలు ఆ పొరనే పట్టుకుని ఉంటాయి. వెలుతురు కనీసం 70 శాతం లోపలికి రావాలి. మూలన ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 నంబరు, లామినేటెడ్ అన్న మాట చదివి, బిగించకముందే ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

అద్దం కన్నా అంటించే చెయ్యి

అసలు తేడా ఇక్కడుంది, ఎవరూ అడగనిదీ ఇదే. ఇప్పటి కార్లలో ముందు అద్దం చట్రానికి అంటుకుని బాడీలో భాగంగా పనిచేస్తుంది. బండి బోల్తా పడితే టాపు కూలకుండా కొంత భారం ఇదే మోస్తుంది. చాలా కార్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ పైకి లేచి, అద్దానికి ఆనుకుని, మనిషి వైపు తిరుగుతుంది. గమ్ము పట్టు లేకపోతే అద్దం బయటికి ఎగిరిపోతుంది, బ్యాగుకు ఆనిక ఉండదు.

అందుకే వాడాల్సింది పాలీయురెథేన్ సీలెంట్. దాన్ని పీయూ అంటారు. కార్ట్రిడ్జిలో గానీ, సాసేజ్ అనే మెత్తటి రేకు గొట్టంలో గానీ వస్తుంది. మామూలు కారుకు 600 మిల్లీలీటర్ల సాసేజ్ ఒకటి సరిపోతుంది. బాత్రూము కుళాయికి పూసే సిలికాన్ పూసి అద్దం నిలబెట్టేవాళ్లు కొందరున్నారు. నీళ్లు కొన్నాళ్లు ఆగుతాయి, భారం మాత్రం ఆగదు. పైగా సిలికాన్ అంటిన చట్రానికి మళ్లీ పీయూ పట్టదు. తర్వాత వచ్చే ఫిట్టరు దాన్ని మొత్తం గీకాల్సిందే.

సరిగ్గా చేసే పని ఇలా ఉంటుంది. వైపర్ చేతులు, కింది ప్లాస్టిక్ గ్రిల్లు, పక్క ట్రిమ్ములు విప్పి, డ్యాష్‌బోర్డు మీద గుడ్డ పరుస్తారు. సన్నని స్టీలు తీగతోనో, కోత కత్తితోనో పాత గమ్మును కోసి, వ్యాక్యూమ్ కప్పులతో అద్దం లేపుతారు. పాత గమ్మును మొత్తం గీకెయ్యరు. ఒకటి రెండు మిల్లీమీటర్ల పొర వదిలేస్తారు, కొత్త గమ్ము దాని మీద బాగా పడుతుంది. కత్తి తగిలి పెయింటు లేచిన ప్రతిచోటా ప్రైమరు, అంటే తుప్పు పట్టకుండా ఆపే అడుగు పూత, పూయాలి. ఇక్కడే తొందరపడతారు. వదిలేసిన గీత రెండు వానాకాలాల్లో తుప్పు పట్టి, గమ్మును కిందినుంచి లేపుతుంది. అప్పుడు కాళ్ల కింద కార్పెట్ తడుస్తుంది, ముక్కవాసన వస్తుంది, ఫ్యూజు పెట్టెలోకి నీళ్లు దిగుతాయి. ‘అద్దం మంచిది కాదు’ అని అందరూ అద్దాన్ని తిడతారు గానీ తప్పు ఆ గీతది.

తర్వాత అద్దం అంచును క్లీనరుతో తుడిచి, సీలెంట్ కంపెనీ చెప్పిన చోట ప్రైమరు పూసి, ముక్కోణం ఆకారంలో గమ్ము గీతను ఎక్కడా తెగకుండా చుట్టూ వేస్తారు. ఎత్తు సుమారు 12 మిల్లీమీటర్లు. మన ఎండల్లో ఆ గీత పైన తొందరగా తొక్క కడుతుంది, కాబట్టి నిమిషాల్లో అద్దం దించాలి. గమ్ము వేశాక చాయ్ తాగి వస్తే పని చెడినట్టే. పీయూ గట్టిపడేది గాలిలోని తేమతో. వేడికి పైతొక్క త్వరగా వచ్చినా, తేమ లేని ఎండాకాలంలో లోపల గట్టిపడటం నిదానమే. వేపచెట్టు కింద రోడ్డు పక్కన చేసే పనిలో ఇంకో ఇబ్బంది దుమ్ము. గమ్ము మీద పలచగా దుమ్ము పడినా అక్కడ పట్టు పోతుంది. కప్పున్న షెడ్డు కావాలి.

ఈ వరసలో షోరూముకు ఎన్ని మార్కులు? సరంజామా, ప్రైమరు, కొత్త క్లిప్పులు అక్కడ దొరికే అవకాశం ఎక్కువ. కానీ జిల్లా కేంద్రాల్లో రోజూ అద్దాలు మార్చే పని ఉండదు కాబట్టి, కొన్ని షోరూములు బయటి ఫిట్టరునే పిలిపించి బిగిస్తాయి. బయట మీరు బేరమాడిన మనిషే లోపల యూనిఫాం వాళ్ల మధ్య పనిచేస్తుండొచ్చు. ‘బిగించేది మీ వాళ్లేనా, ఏ సీలెంట్ వాడతారు, ఎన్ని గంటల తర్వాత బండి కదపొచ్చు?’ అని రెండుచోట్లా అడగండి. మూడో ప్రశ్నకు ‘ఇప్పుడే తీసుకపోండి’ అన్నవాడి దగ్గర ఆగొద్దు. ఆ గంటల లెక్క సీలెంట్ డబ్బా మీదే రాసి ఉంటుంది, గంట నుంచి చాలా గంటల దాకా మారుతుంది. సాసేజ్ మీద గడువు తేదీ కూడా చూడండి. పాతబడిన గమ్ము గన్ను నొక్కితే ముద్దలుగా వస్తుంది.

కెమెరా ఉంటే లెక్క మారుతుంది

అద్దం పైభాగంలో, మిర్రర్ వెనక, డ్రైవింగుకు సాయపడే కెమెరా ఉన్న కార్లకు, ఉదాహరణకు ఎక్స్‌యూవీ 700 పైవేరియంట్లు, కొత్త క్రెటా, వెర్నా, హోండా సిటీలలో ఏడాస్ (ఆ కెమెరాతో పనిచేసే డ్రైవింగు సాయం) ఉన్నవాటికి, నా ఓటు షోరూముకే. అద్దం మార్చాక ఆ కెమెరాను మళ్లీ సరిచూడాలి, దీన్నే కాలిబ్రేషన్ అంటారు. టార్గెట్ బోర్డు, కంపెనీ స్కానర్, సమతలమైన నేల కావాలి. కొన్నింటికి గీతలున్న రోడ్డు మీద నడిపి కూడా సరిచేస్తారు. కెమెరా చూపులో ఒక్క డిగ్రీ తేడా వస్తే 50 మీటర్ల దూరంలో అది దాదాపు 87 సెంటీమీటర్లు. పక్క లైనులో పోయే లారీని మన ముందున్నదిగా అనుకుని బండి బ్రేకు వేసుకోవచ్చు. ‘వార్నింగ్ లైటు రాలేదు కదా’ అన్నది జవాబు కాదు. కాలిబ్రేషన్ రిపోర్టు కాగితం అడగండి. మీ దగ్గరి షోరూములో ఆ సదుపాయం లేకపోతే హైదరాబాదుకు వెళ్లాల్సిందే.

వాన సెన్సరు ఒక్కటే ఉన్న కార్లకు ఇంత హడావిడి లేదు. సెన్సరుకూ అద్దానికీ మధ్య ఉండే జెల్ ప్యాడ్ కొత్తది వేస్తే చాలు. పాతదే అంటిస్తే గాలిబుడగలు చిక్కి, ఎండలో కూడా వైపర్లు ఆడతాయి.

రబ్బరు బీడింగుతో బిగించే పాత బళ్లు, అంటే మారుతి 800, ఓమ్నీ, అంబాసిడర్ లాంటివి, దీనికి పూర్తిగా ఎదురు. వీటికి బయటి పాత చేతులే మేలు. బీడింగు గాడిలో నూలు తాడు చుట్టి, సబ్బునీళ్లు రాసి, ఒకరు బయటినుంచి అరచేత్తో కొడుతుంటే ఇంకొకరు లోపల తాడు లాగుతారు. కొత్త అద్దానికి పాత ఎండిన బీడింగు వేయనివ్వొద్దు, అంతే.

ఇన్సూరెన్సు ఉందని తొందరపడొద్దు

షోరూములో మొదట వినిపించేది ‘క్లెయిమ్ చేద్దాం సార్, మీకు పడేది వెయ్యే’ అని. అది నిజమే: గాజుకు తరుగు, అంటే పాతబడినందుకు తగ్గించే సొమ్ము, కొయ్యరు, 1,500 సీసీ లోపు కారుకు మన వంతు తప్పనిసరి కోత రూ.1,000, ఆపైన రూ.2,000. రబ్బరు, ప్లాస్టిక్ ముక్కలకు మాత్రం జీరో డెప్, అంటే తరుగు కొయ్యని అదనపు కవరు, లేకపోతే సగం కోస్తారు. వాళ్లు చెప్పనిది నో క్లెయిమ్ బోనస్ సంగతి, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు.

లెక్క వేద్దాం. బోనస్ తీయకముందు మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం (సొంత బండి నష్టానికి కట్టేది) రూ.9,000, ఇప్పుడు మీ బోనస్ 35 శాతం అనుకుందాం. క్లెయిమ్ చేయకపోతే వచ్చే ఏడాది 45, ఆ తర్వాత 50 శాతం. చేస్తే వచ్చే ఏడాది సున్నా, తర్వాత వరసగా 20, 25, 35, 45. ప్రీమియం మారలేదనుకుంటే తేడాలు రూ.4,050, 2,700, 2,250, 1,350, 450. మొత్తం రూ.10,800. అద్దం బిల్లు రూ.8,000 అయితే చేతికొచ్చేది రూ.7,000. ఏడు వేల కోసం పదివేలు పోగొట్టుకోవడం! బండి విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి నష్టం ఇంతకన్నా కొంత తక్కువే ఉంటుంది, అయినా చిన్న కారుకు బయట జేబులోంచి కట్టుకోవడమే నయం. కెమెరా ఉన్న కారు బిల్లు వేలల్లో పెరిగినప్పుడు, లేదా పాలసీలో బోనస్ రక్షణ తీసుకుని ఉంటే, క్లెయిమే లాభం. అప్పుడు నగదు కట్టక్కర్లేని సదుపాయం షోరూములో సులువు. కొన్ని అద్దాల గొలుసు దుకాణాలకూ ఆ ఒప్పందం ఉంటుంది. ఎక్కడైనా సరే, ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పి ఫోటోలు పంపకముందు పాత అద్దం కోయనివ్వొద్దు.

ఆటోనగర్‌కు వెళ్తే

నల్లగొండ, మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాదుకు దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. ధర తక్కువని, అద్దం వెంటనే దొరుకుతుందని చాలామంది వనస్థలిపురం ఆటోనగర్‌కు పోతారు. ఇబ్బంది ధరలో లేదు, తిరుగు ప్రయాణంలో ఉంది. మధ్యాహ్నం బిగించి సాయంత్రానికే హైవే ఎక్కితే, సగం పచ్చిగా ఉన్న గమ్ము మీద వంద కిలోమీటర్ల గాలి తోపు, గుంతల కుదుపు. పొద్దున్నే ఇచ్చి, డబ్బా మీది గంటలకు ఇంకో రెండు కలుపుకుని బయల్దేరండి. లీకు వస్తే మళ్లీ అంత దూరం పోవాలి కాబట్టి, అద్దం ధర, సీలెంట్, లేబరు విడివిడిగా చూపి, లీకుకు ఎన్ని నెలల గ్యారంటీయో రాసిన జీఎస్టీ బిల్లు తీసుకోండి. ఊళ్లోనే నమ్మకమైన ఫిట్టరు ఉంటే, అద్దాన్ని హైదరాబాదు నుంచి తెప్పించి ఇక్కడ బిగించుకోవడం మంచి దారి.

బిగించాక ఒక రోజంతా డోరు కిటికీ అద్దాన్ని అర అంగుళం దించి ఉంచండి. అన్నీ మూసి డోరు గట్టిగా వేస్తే లోపలి గాలి కొత్త అద్దాన్ని బయటికి తోస్తుంది. కొత్త అద్దం జరగకుండా ఫిట్టరు అంటించిన టేపు ఆ రోజుకు పీకొద్దు. ప్రెషర్ వాష్ రెండు మూడు రోజులు వద్దు. గమ్ము గట్టిపడ్డాక మామూలు పైపుతో పైనుంచి పది నిమిషాలు నీళ్లు పట్టి, లోపల ఒకరిని కూర్చోబెట్టి మూలలు తడిమి చూడమనండి.

ఇంకొకటి, ఫాస్టాగ్. అది పాత అద్దంతోనే పోతుంది, పీకితే చిరిగి పనికిరాదు. అద్దం మార్చే తేదీ ఖాయం కాగానే ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకు చెప్పి మారు ట్యాగ్ తెప్పించుకోండి. లేదంటే కొత్త అద్దంతో పంతంగి టోలు గేటు దగ్గరో రాయికల్ దగ్గరో ట్యాగ్ లేదని మామూలు కన్నా ఎక్కువ టోలు అడుగుతారు.