నార్వేలో రైలు, పడవ, బస్సు, కారు: ఏళ్ళ తరబడి వాడిన మీదట ఒక సమీక్ష

నార్వేలో దూరాన్ని కిలోమీటర్లలో లెక్కేస్తే ప్లాను తప్పుతుంది, గంటల్లో లెక్కేయాలి. ఓస్లో నుంచి బర్గెన్‌కి అయిదు వందల కిలోమీటర్లు కూడా ఉండదు. రైల్లో వెళ్ళినా కారులో వెళ్ళినా ఏడు గంటలు పెట్టుకోవాల్సిందే. పడమటి తీరంలో అయితే ఎదురుగా కనిపిస్తున్న ఊరికే ఫియోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) చుట్టూ తిరిగి వెళ్ళాలి, లేదా ఫెర్రీ కోసం రేవులో ఆగాలి.

ఓస్లో విమానాశ్రయంలోనే కారు అద్దెకు తీసుకుని పది రోజులూ దాంతోనే తిరగడం మనవాళ్ళలో బాగా వాడుకలో ఉన్న పద్ధతి. అన్ని రకాల వాహనాలూ వాడిన మీదట నేను దానికి ఓటు వేయను. ఓస్లోలో కారు వల్ల పార్కింగు, టోలు ఖర్చే తప్ప ఉపయోగం లేదు. తూర్పు నుంచి పడమరకు కొండ దాటడానికి రైలు చాలు. కారు నిజంగా కావాల్సింది ఫియోర్డ్ ప్రాంతంలో మూడు నాలుగు రోజులు, ఉత్తరాన ఉన్న లోఫోటెన్ దీవుల్లో మరో మూడు రోజులు. ఎక్కడ కావాలో అక్కడే తీసుకుని అక్కడే తిరిగిచ్చేయండి. ఒక ఊళ్ళో తీసుకుని ఇంకో ఊళ్ళో వదిలితే పడే అదనపు రుసుము ఒక్కోసారి అద్దెతో పోటీ పడుతుంది.

ముందు విమానాశ్రయం సంగతి. గార్డర్‌మోన్ నుంచి ఓస్లో సెంట్రల్ స్టేషన్‌కి ఫ్లీటోగెట్ అనే ఎక్స్‌ప్రెస్ రైలు 20 నిమిషాలు అటూ ఇటూగా తీసుకుంటుంది. మామూలు రైలుకు 23 నిమిషాలు. ధర మాత్రం ఎక్స్‌ప్రెస్‌ది దాదాపు రెట్టింపు. పైగా ఓస్లో నగర రవాణా సంస్థ రూటర్ యాప్‌లో విమానాశ్రయం నుంచి నగరానికి టికెట్ కొంటే, గడువు లోపల అదే టికెట్‌తో మెట్రో, ట్రాము, బస్సు ఎక్కవచ్చు. ఆ రూటర్ టికెట్ ఎక్స్‌ప్రెస్‌లో చెల్లదు, ఇది గుర్తుంచుకోండి. నగరం వరకే ఉన్న టికెట్‌తో ఓస్లో ఫియోర్డ్‌లోని దీవులకు వెళ్ళే చిన్న ఫెర్రీలు కూడా ఎక్కవచ్చు. ఎండ ఉన్న సాయంత్రం ఇంత తక్కువ ఖర్చుతో అంత మంచి పడవ ప్రయాణం ఆ ఊళ్ళో ఇంకోటి లేదు. బర్గెన్‌లో విమానాశ్రయం బస్సు త్వరగా దింపుతుంది, కానీ ఖరీదు. బీబానెన్ అనే లైట్ రైలు 45 నిమిషాల్లో ఊరి నడిబొడ్డుకు మామూలు సిటీ టికెట్‌తోనే చేరుస్తుంది.

దేశం మొత్తానికీ పనికొచ్చే యాప్ ఒక్కటే: ఎంటూర్. ఏ కంపెనీ రైలైనా, ఏ జిల్లా బస్సైనా, చాలావరకు పడవలైనా అందులో వేళలతో సహా కనిపిస్తాయి. టికెట్ అక్కడ దొరకని చోట ఏ సంస్థ దగ్గర కొనాలో చెబుతుంది. స్టేషన్‌లోకి వెళ్ళడానికి గేట్లు ఉండవు కదా అని టికెట్ లేకుండా ఎక్కకండి. తనిఖీలో దొరికితే జరిమానా వెయ్యి క్రోనర్లు దాటుతుంది, బస్సైనా ట్రామైనా.

ఇక రైలు. ఓస్లో–బర్గెన్ మార్గం 1909లో మొదలైంది. ఫిన్సే స్టేషన్ 1,222 మీటర్ల ఎత్తున ఉంటుంది, దేశంలోకెల్లా ఎత్తైనది అదే. అక్కడికి కారు వెళ్ళే రోడ్డు లేదు. జూన్‌లో కూడా కిటికీ బయట మంచు కనిపించే మార్గం ఇది. టికెట్లు సాధారణంగా మూడు నెలల ముందు తెరుచుకుంటాయి. ముందుగా కొన్నవాళ్ళకు పూర్తి ధరలో సగం కంటే తక్కువకే దొరుకుతాయి. అయితే మార్చుకునే వెసులుబాటు ఈ చవక టికెట్లకు తక్కువ. సీటు ఎంచుకునేటప్పుడు పటంలో కిటికీకి అడ్డంగా గోడ వచ్చే వరుసలు ఉంటాయేమో చూసుకోండి, ఏడు గంటలు గోడ వైపు చూస్తూ కూర్చోవడం అన్యాయం.

ఈ మార్గంలో మిర్‌డాల్ దగ్గర దిగితే ఫ్లోమ్ రైలు. 20 కిలోమీటర్లలో 866 మీటర్లు దిగుతుంది, 20 సొరంగాలు, ఎక్కువ వాలున్న చోట వంద మీటర్లకు 5.5 మీటర్ల దిగుడు. పళ్ళ చక్రం లేకుండా మామూలు పట్టాల మీద నడిచే రైళ్ళకు ఇది చాలా నిటారు. చోస్‌ఫోసెన్ జలపాతం దగ్గర అయిదు నిమిషాలు ఆపుతారు. అందం గురించి వాదన లేదు. కానీ కిలోమీటరు లెక్కన చూస్తే దేశంలోనే ఖరీదైన రైళ్ళలో ఒకటి. జూలైలో పెద్ద ఓడలు ఫ్లోమ్ రేవులో ఆగిన రోజున మధ్యాహ్నం బండిలో కిటికీ సీటు మీద ఆశ పెట్టుకోకండి. పొద్దున మొదటి బండి కానీ సాయంత్రం చివరి బండి కానీ పట్టుకోండి.

రైలు, ఫ్లోమ్ రైలు, పడవ, బస్సు కలిపి ఒకే ప్యాకేజీగా అమ్ముతారు. అందులో ఉన్నవన్నీ మామూలు జనం ఎక్కే వాహనాలే, విడివిడిగా కొనుక్కోవచ్చు. బర్గెన్ నుంచి వోస్ మీదుగా మిర్‌డాల్‌కి రైలు, అక్కడి నుంచి ఫ్లోమ్, ఫ్లోమ్ నుంచి గుడ్‌వాంగెన్‌కి రెండు గంటల పడవ, గుడ్‌వాంగెన్ నుంచి వోస్‌కి సుమారు గంట బస్సు, తిరిగి రైలు. పడవ వెళ్ళేది 2005లో యునెస్కో జాబితాలో చేరిన నారోయ్‌ఫియోర్డ్ గుండా. అక్కడ నడిచే కొత్త పడవ పూర్తిగా బ్యాటరీ మీద నడుస్తుంది. ఇంజను మోత లేదు కాబట్టి డెక్కు మీద నిలబడితే జలపాతాల చప్పుడు వినిపిస్తుంది. విడిగా కొంటే ఇష్టమొచ్చిన చోట రాత్రి బస చేయవచ్చు, ఖర్చూ కొంత తగ్గుతుంది. ప్యాకేజీలో ఒక మేలుంది: ఒక బండి ఆలస్యమై తర్వాతది తప్పిపోతే చూసుకునేవాళ్ళు ఉంటారు. సొంతంగా కొంటే పడవకూ రైలుకూ మధ్య కనీసం గంట వ్యవధి ఉంచుకోండి.

నార్వే రైళ్ళతో తరచూ వచ్చే ఇబ్బంది ఆలస్యం కాదు, పట్టాల పని. చాలా మార్గాలు ఒకే పట్టా మీద నడుస్తాయి కాబట్టి మరమ్మతులంటే బండి ఆపాల్సిందే. దానికి జనం సెలవుల్లో ఉండే వేసవి వారాలనే ఎంచుకుంటారు, అంటే పర్యాటకులు వచ్చే వారాలనే. స్టేషన్ బోర్డు మీద "బుస్ ఫోర్ తోగ్" అని కనిపిస్తే రైలుకు బదులు బస్సు అని అర్థం. టికెట్ కొనేటప్పుడే ఎంటూర్ ఈ సంగతి చూపిస్తుంది, కిందికి జరిపి చదవండి. ప్రకృతి దెబ్బ తగిలితే ఇంకా కష్టం. 2023 ఆగస్టులో హాన్స్ తుపాను వరదకు ఓస్లో–ట్రోండ్‌హైమ్ మార్గంలో రాండ్‌క్లేవ్ వంతెన కూలిపోయింది. ఆ దారి మళ్ళీ తెరుచుకునేసరికి 2024 మే వచ్చింది.

ఫ్లోమ్‌కి బదులు ఏదైనా చెప్పమంటే నా సమాధానం రౌమా మార్గం. ఓస్లో–ట్రోండ్‌హైమ్ దారిలో డొంబోస్ దగ్గర మారి ఓన్డాల్స్‌నెస్ దాకా 114 కిలోమీటర్లు, కొండ నుంచి సముద్రమట్టానికి దిగుతుంది. నదికి 59 మీటర్ల ఎత్తున ఉన్న కీలింగ్ రాతి వంతెన మీద నుంచి వెళుతుంది. ధర మామూలు రైలుదే, తోపులాట తక్కువ. దిగిన ఊళ్ళోనే కారు అద్దెకు తీసుకుంటే ట్రోల్‌స్టీగెన్ కొండ దారి, గైరాంగర్ ఫియోర్డ్ దగ్గరే. కార్ల సంఖ్య తక్కువ, నెలల ముందే మాట్లాడుకోవాలి.

కారు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, తప్పులు జరిగేది ఇక్కడే. ఊరి బయట వేగ పరిమితి 80, ఊళ్ళో 50, కొన్ని మోటార్‌వేల మీద 110. పడమటి రోడ్ల మీద చేతికొచ్చే సగటు గంటకు 55–60 కిలోమీటర్లే. ప్రతి ఫెర్రీకి ఇంకో అరగంట కలపండి. హెడ్‌లైట్లు పగలు కూడా వెలగాలి. రక్తంలో మద్యం పరిమితి 0.02 శాతం, అంటే ఒక బీరు కూడా వద్దు. పసుపు వజ్రం గుర్తు లేని రోడ్డు మీద కుడి పక్క సందులోంచి వచ్చే బండికే దారి హక్కు. ఇది మన అలవాటుకు పూర్తిగా విరుద్ధం, మొదటి రోజు ఊళ్ళలో మెల్లగా నడపండి. కెమెరాలు కొన్నిచోట్ల రెండు బిందువుల మధ్య సగటు వేగాన్ని కొలుస్తాయి, కెమెరా ముందు బ్రేకు వేస్తే లాభం లేదు.

సన్నని రోడ్ల మీద నీలం బోర్డులో తెల్లని ఎమ్ అక్షరం కనిపిస్తే అది ఎదురుబండికి దారిచ్చే చోటు. దానికి దగ్గరగా ఉన్నవాళ్ళు వెనక్కి జరగాలి. వెనక బండ్లు పోగైతే పక్కకు ఆగి వాటిని పోనివ్వండి, ఇక్కడ అది మర్యాద.

సొరంగాలు వెయ్యికి పైనే. లేర్‌డాల్ సొరంగం 24.5 కిలోమీటర్లు, 2000లో తెరిచారు. నిద్ర రాకుండా మధ్యలో నీలి వెలుగుతో మూడు పెద్ద గుహలు తవ్వారు. హార్డాంగర్ వంతెన దగ్గరైతే కొండ లోపలే రౌండ్‌అబౌట్ ఉంది. లోపల జీపీఎస్ పనిచేయదు, ఏ దారిలో బయటికి రావాలో ముందే చూసుకోవాలి. స్టావాంగర్ నుంచి ప్రైకెస్టోలెన్ అనే కొండ అంచుకు వెళ్ళేవాళ్ళకు ఒక మాట: 2019 చివర్లో రీఫీల్కే సముద్రగర్భ సొరంగం తెరిచాక టౌ ఫెర్రీ ఆగిపోయింది. పాత వివరాలు చూసి రేవుకు వెళ్ళకండి, బస్సు నేరుగా కొండ కిందికే వెళుతుంది.

టోలుగేటు దగ్గర ఆగే పని లేదు, కెమెరా నంబరు ప్లేటు చదువుతుంది. చాలా కారు ఫెర్రీల్లోనూ అంతే: వరుసలో నిలబడి, సిబ్బంది చెప్పిన చోట ఆపి, హ్యాండ్‌బ్రేకు వేయాలి, బిల్లు తర్వాత వస్తుంది. వసూలు బండి పొడవును బట్టి. చాలా మార్గాల్లో లోపల కూర్చున్నవాళ్ళకు విడిగా టికెట్ లేదు. అద్దె కారులో ఆటోపాస్ బిళ్ళ (టోలు దానంతటదే లెక్కేసే పరికరం) ఉందా, సర్వీసు రుసుము రోజుకు ఎంత అని తాళం తీసుకునేటప్పుడే అడగండి. గైరాంగర్–హెల్లెసిల్ట్ లాంటి విహార ఫెర్రీలు వేరు: ధర ఎక్కువ, వేసవిలో ముందే బుక్ చేయాలి. పడమటి తీరపు ఫెర్రీల్లో అమ్మే స్వేలె అనే మెత్తని అట్టు మాత్రం వదలకండి.

మ్యాప్ చూపించే కొండ దారులన్నీ ఏడాదంతా తెరిచి ఉండవు. 1,434 మీటర్ల ఎత్తు దాకా వెళ్ళే సోగ్నెఫ్యెల్, వాల్డ్రెస్‌ఫ్లీ, ట్రోల్‌స్టీగెన్ చలికాలంలో మూతపడతాయి. మే మొదట్లో వచ్చేవాళ్ళు వీటిని నమ్ముకోకూడదు. ట్రోల్‌స్టీగెన్‌ని రాళ్ళు పడటం వల్ల 2024 వేసవిలో కూడా చాలాకాలం మూసేశారు. చలికాలంలో తెరిచి ఉండే హార్డాంగర్‌విడ్డా లాంటి పీఠభూముల మీద గాలి ఎక్కువైతే మంచు తీసే వాహనం వెనక బండ్లను వరుసగా తీసుకెళతారు. ఆ వరుసలో చేరే ముందు ఇంధనం, వెచ్చని బట్టలు, నీళ్ళు చూసుకోండి. రోడ్డు పరిస్థితి తెలియాలంటే 175 నంబరుకు ఫోన్ చేయండి. మంచు రోడ్ల మీద నడపడం అలవాటు లేకపోతే డిసెంబరు నుంచి మార్చి దాకా కారు ఆలోచనే మానేయమంటాను.

ఎలక్ట్రిక్ కారు ఇస్తే భయపడొద్దు. దేశంలో కొత్తగా అమ్ముడవుతున్న కార్లలో అత్యధికం అవే, ప్రధాన రోడ్ల మీద వేగంగా చార్జ్ చేసే స్తంభాలు బాగా ఉన్నాయి. ఇబ్బంది రెండు చోట్ల: ఒక్కో సంస్థకు ఒక్కో యాప్, చలిలో తగ్గే బ్యాటరీ. కొత్త స్తంభాలు బ్యాంకు కార్డు తీసుకుంటాయి. చలికాలంలో కంపెనీ చెప్పిన దూరంలో మూడింట ఒక వంతు కొట్టేసి ప్లాను వేసుకోండి.

ఉత్తరానికి లెక్క మారిపోతుంది. ట్రోమ్సోకి రైలే లేదు. నార్విక్‌కి రైలు ఉంది కానీ అది స్వీడన్ మీదుగా వస్తుంది. ట్రోండ్‌హైమ్–బోడో మార్గం 729 కిలోమీటర్లు, సుమారు పది గంటలు, ఆర్కిటిక్ వృత్తాన్ని సాల్ట్‌ఫ్యెల్లెట్ మీద దాటుతుంది. పగటి బండి ఎక్కితే ప్రతి గంటా చూడదగ్గదే. సమయం లేనివాళ్ళకు ఓస్లో–ట్రోమ్సో విమానం రెండు గంటల లోపే. బోడో నుంచి నార్విక్‌కి బస్సు ఉంది, మధ్యలో బోగ్నెస్–స్కార్‌బెర్గెట్ ఫెర్రీ కూడా దాటుతుంది. చిన్న ఊళ్ళకు విడెరో సంస్థ చిన్న విమానాలు 800 మీటర్ల రన్‌వేల మీద దిగుతాయి. గాలి వాన రోజుల్లో రద్దులు మామూలే, అంతర్జాతీయ విమానం ఉన్న రోజున వీటిని పెట్టుకోకండి.

బర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా 34 రేవులు తాకే తీరపు ఓడ 1893 నుంచి నడుస్తోంది. ఇప్పుడు హుర్టిగ్రూటెన్, హావిలా అనే రెండు సంస్థలు నడుపుతున్నాయి. మొత్తం యాత్ర చాలా ఖరీదు. కానీ రేవు నుంచి రేవుకు టికెట్ తీసుకోవచ్చని చాలామందికి తెలియదు. బోడోలో మధ్యాహ్నం ఎక్కితే రాత్రి 9 ప్రాంతంలో లోఫోటెన్‌లోని స్వోల్‌వేర్‌లో దింపుతుంది, క్యాబిన్ అక్కర్లేదు. వేసవిలో ఆ వేళకు కూడా వెలుగుంటుంది, దీవుల గోడ మొత్తం ఎదురుగా నిలబడుతుంది. బోడో–మోస్కెనెస్ కారు ఫెర్రీ మూడు గంటల పైచిలుకు, బయటి సముద్రంలో ఊగుతుంది. వాంతులయ్యేవాళ్ళు ఎక్కే ముందే మాత్ర వేసుకోవాలి.

అమ్మానాన్నలను పిలిపించుకునే విద్యార్థులకు, ఉద్యోగులకు: 67 ఏళ్ళు దాటినవాళ్ళకు రైళ్ళు, బస్సుల్లో రాయితీ ఉంటుంది, పాస్‌పోర్టు దగ్గరుంచితే చాలు. ఇండియా నుంచి వచ్చి కారు నడపదలిస్తే మీ ఊరి ఆర్టీఏ ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఏడాది చెల్లుతుంది. దాంతోపాటు అసలు లైసెన్సు కూడా చేతిలో ఉండాలి. ఒక్క పర్మిట్ చూపిస్తే కౌంటర్లో తాళం ఇవ్వరు.