ఇతైపు ఆనకట్ట: లోపలికి తీసుకెళ్లే టూరే ఎంచుకోండి

బ్రెజిల్, పరాగ్వేల సరిహద్దులో పరానా నదిపై కట్టిన ఇతైపు జలవిద్యుత్ కేంద్రాన్ని బ్రెజిల్ వైపు ఫోజ్ దో ఇగ్వాసు పట్టణం నుంచి చూడదలచినవారికి ప్రధానంగా రెండు టూర్లున్నాయి. ఒకటి బస్సులో చుట్టూ తిప్పి తీసుకొచ్చేది, రెండోది హెల్మెట్ పెట్టి లోపలికి తీసుకెళ్లేది. మాకు టికెట్లు కుదిర్చిన ఏజెంటు ఈ తేడా చెప్పకపోవడంతో మొదటి రోజు బస్సు టూరుకు వెళ్లి, మర్నాడు మళ్లీ డబ్బు కట్టి లోపలికి వెళ్లాం.

బస్సులోంచి 196 మీటర్ల ఎత్తు, దాదాపు 8 కిలోమీటర్ల పొడవు ఉన్న కట్టడం కనిపిస్తుంది. నీరు దూకడం మాత్రం గేట్లు ఎత్తినప్పుడే కనిపిస్తుంది. మేం వెళ్లినప్పుడు 14 గేట్లూ మూసే ఉన్నాయి. శ్రీశైలం గేట్లు ఎత్తారనగానే బయల్దేరే మనవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

అసలు విశేషమంతా లోపలే ఉంది. ఒక్కొక్కటి 700 మెగావాట్ల విద్యుదుత్పత్తి యంత్రాలు 20 ఉండగా, వాటిలో పది పరాగ్వేలో వాడే 50 హెర్ట్జ్ (సెకనుకు 50 ఆవృత్తులు) విద్యుత్తును, పది బ్రెజిల్‌లో వాడే 60 హెర్ట్జ్ విద్యుత్తును ఉత్పత్తి చేస్తాయి. 1973 నాటి ఒప్పందం ప్రకారం ఉత్పత్తిలో చెరి సగం. పరాగ్వే తన వాటాలో వాడుకోగా మిగిలినదాన్ని బ్రెజిల్‌కే ఇస్తుంది కాబట్టి, ఆ 50 హెర్ట్జ్ విద్యుత్తును ఒకే దిశలో ప్రవహించే డైరెక్ట్ కరెంట్‌గా మార్చి, సావో పాలో దగ్గరికి పంపి, అక్కడ 60 హెర్ట్జ్‌కు మారుస్తారు. తిరుగుతున్న టర్బైన్ ఇరుసు పక్కన నిలబడినప్పుడు అది నిమిషానికి 90 చుట్లకు పైగా తిరుగుతోందంటే నమ్మబుద్ధి కాలేదు, అంత నిలకడగా ఉంది. అరికాళ్ల కింద నేల అదురు మాత్రం బూట్లలోంచి కూడా తెలుస్తూనే ఉంది. అద్దాల అవతల కంట్రోల్ రూములో రెండు దేశాల ఉద్యోగులు కలిసి పనిచేస్తుండటం నాకు అన్నిటికన్నా నచ్చింది.

అయితే వెళ్లేముందు ఇదే నదిపై ఉండిన సేతె కేదాస్ జలపాతాల గురించి తప్పక చదవండి. 1982లో జలాశయం నిండినప్పుడు అవి నీటి అడుగుకు చేరిపోయాయి, అక్కడి ఆదివాసులైన అవా గ్వారానీ ప్రజల ఊళ్లూ మునిగిపోయాయి. శ్రీశైలం ముంపులో ఊరు పోగొట్టుకున్న కుటుంబంలో పుట్టినవాణ్ణి కనుక, 1,350 చదరపు కిలోమీటర్ల ఆ నీటిని చూస్తూ చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

లోపలి టూరుకు కాళ్లను పూర్తిగా కప్పే బూట్లు, పొడుగు ప్యాంటు తప్పనిసరి. చిన్నపిల్లలను రానివ్వరు. పిల్లలతో వెళ్లేవారికి బస్సు టూరు ఒక్కటే దారి.