ఆంటీ మేమ్ డీవీడీ, మా అత్తతో కూర్చుని చూశాక

ముందే చెప్పీస్తున్నా, ఇది కొత్త సినిమా కాదు, 1958లోది, ఇంగ్లీషుది, ఫైటింగులు లేవు, పాటలు లేవు, అంతా మాటలే. అలాంటివి పడనోళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేం అనుకోను.

మొన్న సంక్రాంతికి మా బావమరిది అమెరికా నుంచి వస్తూ ఏటి తెమ్మంటావు బావా అని ఫోన్లో అడిగితే, చాక్లెట్లు ఒద్దురా బాబూ, షుగరొచ్చీసింది, ఈ సినిమా డీవీడీ దొరికితే పట్టుకురా అన్నాను. తెచ్చాడు పాపం. తీరా విజయనగరంలో మా ఇంట్లో ప్లేయర్లో పెడితే రీజియన్ తప్పు అని తెర మీద ఒక్క ముక్క చూపించి ఊరుకుంది. నాకు అప్పుడు గుర్తొచ్చింది, అమెరికా డీవీడీలకి రీజియన్ 1, మన దేశానికి 5, అక్కడ కొన్నది ఇక్కడ ప్లేయర్లో ఆడదు. కంపెనీలు పెట్టుకున్న కంచె అది, కొనుక్కున్నవాడి బాధ వాళ్ళకెందుకు. చివరికి అటక మీంచి పాత లాప్‌టాప్ దించి, దాని డ్రైవుకి రీజియన్ మార్చి, హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి తగిలించి చూశాం. ఒక్క జాగ్రత్త, కంప్యూటర్ డ్రైవులో ఈ రీజియన్ అయిదు సార్లే మార్చనిస్తుంది, అయిదోసారి దేని మీద పెట్టారో అక్కడే బిగుసుకుపోతుంది, ఊరికే అటూ ఇటూ మార్చి ఆడుకోకండి.

బొమ్మ బాగుంది. పాత సినిమా కదా అరిగిపోయి గీతలు పడి ఉంటాదేమో అనుకున్నాను, లేదు, రంగులు దసరాకి బొంకుల దిబ్బ దగ్గర పెట్టే లైట్లలాగ ఉన్నాయి. బాగా వెడల్పు బొమ్మ కాబట్టి టీవీలో పైనా కిందా నల్ల పట్టీలొస్తాయి, మా అత్త "టీవీ సగమే వస్తందేటిరా, అది కూడా పాడైపోనాదా" అని పది నిమిషాలకోసారి అడిగింది. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, సిగ్గుపడకండి. హీరోయిన్ మాట్లాడే స్పీడుకి ఇంగ్లీషు బాగా వచ్చినోళ్ళకే సగం జారిపోతుంది.

ఇప్పుడు కథ. 1928లో తల్లిలేని కుర్రాడు, పేరు పాట్రిక్, తండ్రి కూడా హఠాత్తుగా పోతే వాణ్ణి న్యూయార్కులో ఉన్న మేమ్ అనే ఆవిడ దగ్గరకి పంపిస్తారు. సినిమా పేరులో ఆంటీ అని ఉంది గానీ మనకి ఆంటీ అంటే పక్కింటావిడ కూడా ఆంటీయే కదా, ఈవిడ ఆ పిల్లాడి తండ్రికి సొంత చెల్లెలు, అంటే అచ్చంగా మేనత్త. ఇంగ్లీషు వాళ్ళకి పిన్నికీ పెద్దమ్మకీ మేనత్తకీ ఒకటే మాట, మనకి మేనత్త అనగానే ఇంకో లెక్క. పైగా మన పాత సినిమాల్లో అత్త అంటే సూర్యకాంతం గారే, గుమ్మంలో నిలబడి చెయ్యి తిప్పితే ఇల్లు దద్దరిల్లాలి. ఈ మేమ్ అత్త కూడా ఇల్లు దద్దరిల్లిస్తుంది గానీ కారణం వేరు.

పిల్లాడు ఆయాతో కలిసి ఇంటికొచ్చే టైముకి లోపల పెద్ద పార్టీ నడుస్తా ఉంటుంది, తాగేవాడు తాగుతున్నాడు, సోఫాల మీద పడిపోయినవాళ్ళు పడిపోయారు, ఈవిడ మెట్లు దిగి వస్తుంది, అసలు ఆ పిల్లాడు ఫలానా రోజు వస్తాడన్నదే మర్చిపోయింది. మర్చిపోయినా ఒక్క నిమిషం తడబాటు లేదు. నీకు అర్థం కాని మాట ఏదొచ్చినా కాగితం మీద రాసుకో, తర్వాత నేను చెప్తాను అంటుంది. వాడు నిజంగానే రాసుకుంటాడు, పెద్దోళ్ళు పార్టీలో వాడిన పచ్చి మాటలన్నీ లిస్టు కింద. తాగి పడిపోయిన నాటకాలావిడని చూసి ఆ ఇంగ్లీషావిడకి ఒంట్లో బాలేదా అని పిల్లాడు అడిగితే, ఆవిడ ఇంగ్లీషావిడ కాదురా, పిట్స్‌బర్గ్ ఆవిడ అంటుంది అత్త. విశాఖ వెళ్ళి రెండేళ్ళుండి వచ్చి మన యాస మర్చిపోయినోళ్ళు మనకి తెలీదేటి, మేమిద్దరం ఇక్కడ ఒకే మనిషి పేరు ఒకేసారి అనీసి నవ్వుకున్నాం, ఆ పేరు ఇక్కడ రాయను.

మేమ్‌గా వేసింది రోజలిండ్ రస్సెల్. ముందు పాట్రిక్ డెనిస్ అనే కలం పేరుతో 1955లో నవల వచ్చింది, మరుసటి ఏడాది బ్రాడ్వేలో నాటకం అయింది, అందులోనూ ఈవిడే, 639 ఆటలు ఆడింది ఆ నాటకం. సినిమాకి కూడా ఆ నాటకం తీసిన మోర్టన్ డకోస్టాయే డైరెక్టరు. అందుకేనేమో సినిమా అంతా స్టేజీ వాసనే. ఒక్కో సీన్ చివర చుట్టూ లైట్లన్నీ ఆరిపోయి ఆవిడ మొహం ఒక్కటే వెలుగుతూ మిగుల్తుంది, తర్వాత అదీ ఆరిపోతుంది. కొంతమందికి ఇది చాదస్తంలా అనిపించొచ్చు, నాకు మాత్రం చిన్నప్పుడు నాటకాల పోటీల్లో ముందు వరసలో నేల మీద కూర్చుని చూసిన ఫోకస్ లైటు గుర్తొచ్చి బలే నచ్చింది.

ఇల్లు కూడా ఒక పాత్రే. అదే మెట్లు, అదే హాలు, కానీ సినిమాలో ఏళ్ళు గడిచిన కొద్దీ ఆవిడ మోజుని బట్టి మొత్తం మారిపోతుంటుంది, ఓసారి చైనా డ్రాగన్లు, ఇంకోసారి కూర్చుంటే పైకీ కిందకీ కదిలే సోఫాలు. దీనికి మా అత్త పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆవిడ కూడా ప్రతి దసరాకీ మంచాలూ బీరువా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి లాగించీసేది, రాత్రి కరెంటు పోతే ఎవరి మంచం ఎక్కడుందో తెలీక మేం గోడలకి గుద్దుకునేవాళ్ళం.

చెప్పలేదు కదూ, పక్కన కూర్చుని చూసిన ఈ అత్త నాకు మేనత్త, నన్ను పెంచింది ఆవిడే. ఎలిమెంటరీ స్కూల్ టీచరు, చిన్న వయసులోనే మావయ్య పోయారు. మూడు లాంతర్ల దగ్గర్నుంచి గంటస్తంభం దాకా నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తొక్కుకుంటూ పోయేది, ఆ రోజుల్లో ఆడమనిషి అలా వెళ్తే ఏం మాటలంటారో మీకు తెలుసు. హరికథ ఎక్కడున్నా తీసికెళ్ళేది, రాత్రి ఒంటిగంట అయినా లేవదు, మర్నాడు బడికి నిద్దర మొహంతో వెళ్తే మేష్టారు కొడితే ఆ మేష్టారితోనే దెబ్బలాడేది. తిక్కమనిషి అని వీధంతా పేరు.

అందుకే సినిమాలో బాబ్‌కాక్ సీన్లు నాకు కామెడీగా కన్నా ఎక్కువ తగిలాయి. తండ్రి విల్లు ప్రకారం ఈ పిల్లాడి డబ్బుకీ చదువుకీ ఒక బ్యాంకు పెద్దమనిషి కాపలా, అతనే బాబ్‌కాక్, ఫ్రెడ్ క్లార్క్ వేశాడు, బట్టతల, ఆవదం తాగిన మొహం. అతను మంచి పేరున్న స్కూల్లో వెయ్యమంటే మేమ్ తీసుకెళ్ళి పిల్లలు బట్టల్లేకుండా చేపల్లాగ ఆడుకునే కొత్తరకం బళ్ళో చేర్చేస్తుంది, అతను చూసీసి గొడవ చేసి వాణ్ణి దూరంగా హాస్టల్ స్కూల్‌కి పంపించేస్తాడు. నా సంగతిలో బాబ్‌కాక్ మా పెద్దనాన్న. మగపిల్లాడు ఆడదాని దగ్గర పాడైపోతాడని హాస్టల్లో పడీసారు, రెండేళ్ళు, నీళ్ళ పప్పు. ఆ సీన్ దగ్గర అత్త నా వైపు చూడలేదు, మంచినీళ్ళు తాగుతానని లేచి వంటింట్లోకి పోయింది. నేను ఆపి ఉంచాను, వచ్చాక మళ్ళీ పెట్టాను.

సినిమాలో అసలు బంగారం ఆ తర్వాత ముప్పావుగంట. 1929లో షేర్ మార్కెట్ కూలి మేమ్ ఉన్నదంతా పోగొట్టుకుంటుంది. ఉద్యోగాలు చేస్తుంది, ఒక్క పనీ చేతకాదు. నాటకంలో చిన్న వేషం ఇస్తే చేతికి గజ్జెల గాజులు వేసుకుని స్టేజీ ఎక్కి మాటా మాటకీ గలగలలాడించి, అవి పోయి హీరోయిన్ బట్టలకి చిక్కుకుని, నాటకం సర్వనాశనం. మేసీస్ అనే పెద్ద కొట్లో సేల్స్‌గాళ్‌గా చేరితే ఆవిడకి సరుకు ఇంటికొచ్చాక డబ్బులిచ్చే పద్ధతిలో బిల్లు రాయడం ఒక్కటే వచ్చు, చేతికి డబ్బులిస్తే ఏం చెయ్యాలో తెలీదు, ఇప్పుడు మనం క్యాష్ ఆన్ డెలివరీ అంటామే అదే. అక్కడే ఒక పెద్ద ఆయిల్ బిజినెస్ ఆసామి రోలర్ స్కేట్లు కొనడానికొచ్చి పరిచయం అవుతాడు, ఈవిడ ఉద్యోగం ఊడుతుంది. ఆ చలికాలం జీతం లేకుండానే ఉండిపోయిన పనివాళ్ళిద్దరూ తాము దాచుకున్న డబ్బుల్తో మాంసం కొట్టు బాకీ తీర్చేసి ఆ రసీదే పండక్కి కానుకగా ఇస్తారు. రస్సెల్ అంత గోల మనిషీ అక్కడ నోట మాట రాక నిలబడిపోతుంది. తిక్క వేషాలు అందరూ వేస్తారండీ, డబ్బున్నప్పుడు. డబ్బు పోయాక కూడా ఆ పిల్లాడి ముందు మొహం మాడ్చుకోలేదు చూడండి, ఆవిణ్ణి నేను అత్తగా ఒప్పుకున్నది అక్కడ. నాటకం నాశనం అయిన రాత్రి అందరూ పోయాక ఆ గుంటడు వచ్చి అత్తని ఓదార్చే ముక్క కోసమైనా చూడండి.

మళ్ళీ డబ్బొస్తుంది, ఆ ఆయిల్ ఆసామిని పెళ్ళి చేసుకుంటుంది, గుర్రం సరిగ్గా ఎక్కడం రాకపోయినా నక్కల వేటలో పడి అందరికన్నా ముందు పోతుంది, ఆయన పర్వతం మీద ఫోటో తీస్తా జారిపడి పోతాడు. ఈ భాగం పరిగెత్తించేశారు. మొగుడు పోయిన బాధకి రెండు నిమిషాలు కూడా ఇవ్వలేదు. మొదట్లో తండ్రి పోయిన పిల్లాడికీ ఇంతే, "ఆ బాబుకి ఏడుపే లేదేటిరా" అంది అత్త, నిజమే.

తర్వాత పిల్లాడు పెద్దోడైపోతాడు, ఇక్కడే చాలామందికి సినిమా జారుతుంది. చిన్న పాట్రిక్‌గా వేసిన జాన్ హ్యాండ్జ్‌లిక్ అంత చలాకీగా ఉంటే పెద్ద పాట్రిక్ ఇస్త్రీ బొమ్మలాగ ఉంటాడు, డబ్బున్నవాళ్ళ గొప్పలకి పడిపోయి, అత్తని చూసి సిగ్గుపడుతూ, గ్లోరియా అనే పిల్లని చేసుకుంటానంటాడు. నాకూ మొదట విసుగొచ్చింది. కానీ ఆలోచిస్తే హాస్టల్ నుంచి తిరిగొచ్చిన కుర్రాడు అలాగే ఉంటాడు, నేనూ అలాగే వచ్చాను, స్నేహితుల ముందు అత్త సైకిలు చూసి మొహం తిప్పుకున్న రోజులున్నాయి.

గ్లోరియా తల్లిదండ్రులు ఉండే కాలనీలోకి యూదుల్ని రానివ్వరు. పక్క స్థలం వేరేవాళ్ళు కొనేలోపు మనమే కొనేసి పెళ్ళికి కానుకగా ఇద్దాం అని మేమ్‌తో నవ్వుతూ చెప్తారు, మర్యాదగా, కూల్‌డ్రింక్ ఇస్తూ అడిగినట్టు. మన దగ్గర ఇల్లు అద్దెకి వెతుక్కున్నోళ్ళకి ఆ నవ్వు తెలుసు, ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, తర్వాత "ఇప్పుడే ఎవరికో మాట ఇచ్చేశామండీ" అంటారు.

ఇక విందు సీను. మా ఊరోణ్ణి కాబట్టి ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 1892లో మా విజయనగరంలోనే మొదట ఆడిన కన్యాశుల్కంలో కరటకశాస్త్రి ఏం చేస్తాడు, మేనకోడలికి కుదిరిన దరిద్రపు సంబంధం తప్పించడానికి శిష్యుడికి ఆడవేషం వేసి ముసలి పెళ్ళికొడుక్కి కట్టబెట్టీస్తాడు. ఎవరికీ నీతులు చెప్పడు, ఒక నాటకం ఆడిస్తాడు, అంతే. మేమ్ కూడా అంతే. ఆ పిల్ల గురించి గానీ వాళ్ళమ్మానాన్నల గురించి గానీ మేనల్లుడికి ఒక్క చెడ్డ మాట చెప్పదు, అందర్నీ ఒక రోజు భోజనానికి పిలుస్తుంది, కదిలే సోఫాల మీద కూర్చోబెడుతుంది, మంట మండే డ్రింకు చేతికిస్తుంది, తన పాత స్నేహితులందర్నీ ఉన్నదున్నట్టు వదిలేస్తుంది, ఆఖర్న ఆ పక్క స్థలం నేనే కొనేశాను, యూదుల పిల్లలకి ఇల్లు కడుతున్నాను అంటుంది. మేనమామ చేసిన పని అక్కడ మేనత్త చేసింది. గురజాడ వారు ఇది చూసుంటే ముక్కుపొడుం పీల్చుకుని నవ్వుకునేవారు అని నా నమ్మకం.

నచ్చనివి కూడా చెప్పాలి. జపాన్ పనివాడు ఈటో ఎప్పుడూ కిచకిచ నవ్వుతుంటాడు, ఆ కాలం వాళ్ళకి నవ్వొచ్చిందేమో, ఇప్పుడు ఇబ్బందిగా ఉంటుంది. సెక్రటరీ ఆగ్నెస్ గూచ్‌గా పెగ్గీ కాస్ అద్భుతంగా చేసింది, ఆస్కార్ నామినేషన్ వచ్చిందంటే రాదా మరి. కానీ ఆ భయస్తురాలైన పిల్లకి పట్టుబట్టలు కట్టించి లోఫర్ లాంటివాడితో షికారుకి పంపేసి, కడుపుతో తిరిగొస్తే దాన్ని జోకులా వాడుకోవడం మా అత్తకి అస్సలు నచ్చలేదు, "పిల్లని అలా తోసీడం తప్పు కాదేటి, ఆవిడ అత్తేగానీ నాకు నచ్చలేదు ఇక్కడ" అని తేల్చీసింది. నేనూ అదే మాట.

మొత్తం ఆరు ఆస్కార్ నామినేషన్లు, ఒక్కటీ రాలేదు. రస్సెల్‌కి రావాల్సింది.

నిడివి 2 గంటల 23 నిమిషాలు, మనకిది మామూలే, కానీ పెద్దవాళ్ళతో చూస్తే మధ్యలో టీ బ్రేక్ ఇవ్వండి. చిన్నపిల్లలతో కూర్చుంటే తాగుడు సీన్లు, చిన్న పాట్రిక్ బ్యాంకు పెద్దమనిషికి మార్టినీ కలిపిచ్చే సీను ఉన్నాయి, ఇంట్లో ప్రశ్నలొస్తాయి. మా అమ్మాయి అడిగింది, అత్త దానికి నిమ్మరసం అని చెప్పింది.

ఆఖరి సీన్లో మేమ్ పాట్రిక్ కొడుకుని కూడా ఎగరేసుకుపోతుంది, ఎక్కడికనుకున్నారు, మన దేశానికే. అత్త అప్పటికి సగం నిద్రలో ఉంది అనుకున్నాను, "ఇక్కడికొచ్చి ఏటి చేస్తాదిరా, సిరిమాను చూపిద్దాం" అంది కళ్ళు మూసుకునే.

నా మార్కులు అయిదుకి నాలుగు, ఆ ఒక్కటీ ఈటో నవ్వుకీ గూచ్‌కీ కోసేశాను. డిస్క్ కావాలంటే ఇంటికొచ్చి చూడండి, టీ ఇస్తాం, పట్టుకెళ్ళడానికి మాత్రం ఇవ్వను, ఇంతకుముందు ఇచ్చినవి రెండు ఇప్పటిదాకా రాలేదు, డ్రైవులో రీజియన్ మార్చుకోడానికి ఇంకా నాలుగు ఛాన్సులే ఉన్నాయి.