న్యూ ఫారెస్ట్‌లో ఒక పోపు ఖరీదు

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, లేకపోతే మిగతాది కుదురుగా రాయలేను. 75 పౌండ్లు. మన రూపాయల్లో ఎనిమిదిన్నర వేలకు పైమాటే. చారులో పెట్టిన ఒక్క ఇంగువ పోపుకి మా దగ్గర పట్టుకున్న సొమ్ము అది.

అమ్మాయీ అల్లుడూ ఉండేది ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో. మేమిద్దరం నరసరావుపేట నుంచి వెళ్ళి అప్పటికి నెల. "ఎప్పుడూ లండనేనా, ఇక్కడి పల్లెటూళ్ళు చూపించండి" అని అడిగింది నేనే కాబట్టి తప్పు నా మీదా కొంత ఉంది. అక్టోబరు మొదట్లో ఒక శుక్రవారం కారులో ఇంగ్లండ్ దక్షిణాన ఉన్న న్యూ ఫారెస్ట్‌కి బయల్దేరాం. గంటన్నర ప్రయాణం.

పేరు కొత్త అడవే గాని దాని వయసు వెయ్యేళ్ళకు దగ్గర పడుతోంది. 1079 ప్రాంతంలో విలియం ది కాంకరర్ తన వేట కోసం కేటాయించుకున్నాడట. అడవి అంటే అంతా చెట్లే ఉంటాయనుకున్నాను. సగం బీడే. ఆ బీడులో గుర్రాలు, ఆవులు, గాడిదలు వాటి ఇష్టం వచ్చినట్టు తిరుగుతున్నాయి. లిండ్‌హర్స్ట్ దాటాక ఒక గుర్రం రోడ్డు మధ్య నిలబడింది. వెనక ఏడెనిమిది కార్లు ఆగాయి, ఒక్కరూ హారన్ కొట్టలేదు. మా ఊళ్ళో అయితే ఈపాటికి బందెలదొడ్డికి తోలేవాళ్ళు.

అవి అడవి గుర్రాలు కావు, ప్రతిదానికీ యజమాని ఉన్నాడు. చుట్టుపక్కల ఇళ్ళకీ పొలాలకీ తరతరాలుగా మేత హక్కు ఉంది. ఆ హక్కున్నవాళ్ళని కామనర్లంటారు. పుల్లరి, అంటే మేత పన్ను, కట్టాక ఎజిస్టరనే ఉద్యోగి గుర్రం తోక వెంట్రుకలు ఒక తీరులో కత్తిరిస్తాడు. ఒక్కో ఎజిస్టరుది ఒక్కో కత్తిరింపు. ముప్ఫై ఆరేళ్ళు పోస్టాఫీసులో రసీదుల మీద ముద్రలు కొట్టినవాణ్ణి, తోకే రసీదు కావడం నాకు భలే నచ్చింది. ఇదే దొరల ప్రభుత్వం మా పల్నాట్లో పుల్లరి కట్టం అన్న కన్నెగంటి హనుమంతుని 1922లో కాల్చి చంపిన సంగతి కూడా గుర్తొచ్చింది. అల్లుడికి చెప్పాను. "మావయ్యగారూ, ఇక్కడ గట్టిగా అనకండి" అని నవ్వాడు.

గుర్రాలకి ఏమీ పెట్టకూడదు, ముట్టుకోకూడదు. పెడితే 100 పౌండ్ల జరిమానా. మా ఆవిడ అప్పటికే సంచిలోంచి అరటిపండు తీసింది. అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది. అంత డబ్బని తెలిశాక పండు తనే తినేసింది.

ఇక బస. దాని పేరు రాయను. ప్రకటనలో "చుట్టూ అడవి, పూర్తి వంటగది" అని ఉంది. రెండు రాత్రులకి 290 పౌండ్లు, శుభ్రం చేసే ఖర్చు 60, మళ్ళీ ఇచ్చేస్తామన్న డిపాజిట్ 150. వంటగది ఉందనే ఒక్క మాట మీద అంత పోశాం. లోపలికి వెళ్ళి తలుపు వేస్తే దాని వెనక ప్లాస్టిక్ తొడుగేసిన కాగితంలో పద్నాలుగు నియమాలు. తొమ్మిదోది: ఘాటైన వాసనలొచ్చే వంటలు వద్దు. డబ్బు కట్టేటప్పుడు ఈ కాగితం ఎవరూ చూపించలేదు. సోఫాలోనేమో తడిసిన కుక్క వాసన. దానికి నియమం లేదు.

మొదటి రాత్రి ఇంటినుంచి తెచ్చిన పులిహోరతో గడిచింది. రెండో రోజు వానలో తిరిగొచ్చి అల్లుడు తుమ్ములు మొదలుపెట్టాడు. "మిరియాల చారు కాస్తే పోతుంది" అంది మా ఆవిడ. కిటికీలు తీసింది, పొయ్యి పైన ఫ్యాను వేసింది, చిన్న గరిటెలోనే పోపు పెట్టింది. ఆవాలు చిటపటలాడాయో లేదో పొగ పసిగట్టే గంట ఇల్లెగిరిపోయేలా మోగింది. నేను కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసిరాను. అయిదు నిమిషాల్లో పక్కింట్లో ఉండే మా బస యజమానురాలు గుమ్మంలో నిలబడింది. ఏమైనా కాలిందా అని అడగలేదు. ముక్కు ఎగబీల్చి, "ఓ" అని ఊరుకుంది. ఆ "ఓ" అనేది మూడు పేజీల ఉత్తరమంత ఉంది. చారు మాత్రం అమోఘంగా కుదిరింది, అల్లుడు రెండు గ్లాసులు తాగాడు.

ఆ శనివారం పగలు చూసినవాటిలో రూఫస్ రాయికి వెళ్ళకపోయినా నష్టం లేదు. 1100 ఆగస్టు 2న రూఫస్ అనే రెండో విలియం రాజు వేటలో బాణం తగిలి చచ్చిపోయిన చోటట. ఉన్నది నడుమెత్తుకు మించిన ఒక ఇనుప దిమ్మ, దాని మీద అక్షరాలు, వెనక నుంచి ఏ31 రహదారి హోరు. పది నిమిషాలు ఎక్కువ.

అక్కడికి దగ్గర్లోనే మిన్‌స్టెడ్. అక్కడ మాత్రం పూట గడపండి. ఆల్ సెయింట్స్ చర్చి బయట నుంచి ఎవరో మోతుబరి పెంకుటిల్లులా ఉంటుంది. తలుపు తీసే ఉంది, లోపల మనిషి లేడు. మూడంతస్తుల ప్రసంగ వేదిక: కింద గుమాస్తా, మధ్యలో బైబిలు పఠనం, పైన ప్రసంగం. ఊరి పెద్దకి వేరే గది, అందులో చలిమంట పొయ్యి కూడా. దేవుడి దగ్గరా కామందుకి వెచ్చని చోటేనన్నమాట. వెనక చెట్టు కింద షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయిల్ సమాధి. 1930లో పోతే వేరే ఊళ్ళో తన తోటలోనే పాతిపెట్టి, 1955లో ఇక్కడికి తెచ్చారు. అభిమానులు ఎవరో రాతి దగ్గర పొగపైపు పెట్టి వెళ్ళారు. ఊరి పబ్బు బోర్డు మీద పంది మూతికి తాళం, గాడిద చెవులు, దుప్పి కాళ్ళు ఉన్న ఒక సేవకుడి బొమ్మ: గుట్టు, ఓర్పు, పరుగు. "మా మేనేజరు వెతుకుతున్నది ఇతన్నే" అన్నాడు అల్లుడు. టీ, స్కోన్, జామ్, మీగడ మనిషికి 8 పౌండ్ల 95 పెన్నీలు. ఎక్కువే, అయినా ఒకసారికి పరవాలేదు.

ఆ ఊరి సందులోనే పందులు ఎదురయ్యాయి. మా ఆవిడ కారు అద్దం ఎత్తేసింది. శరదృతువులో ఓక్ కాయలు రాలే రోజుల్లో వాటిని కావాలనే వదులుతారు. పచ్చి కాయలు గుర్రాలకీ ఆవులకీ విషం, పందులకి విందు. నేల తవ్వకుండా ముక్కుకి రింగు వేస్తారు.

సాయంత్రం వానలో నైట్‌వుడ్ ఓక్ అనే పెద్ద చెట్టు చూశాం. చుట్టుకొలత ఏడు మీటర్లు పైనే. తల ఎత్తున మొండెం ఆగిపోయి అక్కడినుంచి కొమ్మలన్నీ వేళ్ళు చాచినట్టు లేస్తాయి. ఒకప్పుడు పశువుల మేతకోసం కొమ్మలు కొట్టిన గుర్తు. వరిచేలో తొక్కడానికి మేం కానుగ కొమ్మలు కొడితే చెట్టు ఇలాగే గుబురు కట్టేది. ఓడలకి నిటారు కలప కావాలని 1698లో ఇక్కడ ఆ కొట్టుడు ఆపించారు. ఆ తడిసిన బెరడు ముందు కాసేపు మాట్లాడకుండా నిలబడ్డాం.

ఆదివారం పదింటికల్లా ఇల్లు ఖాళీ చేసి బ్రోకెన్‌హర్స్ట్ వెళ్ళాం. దారిలో అమ్మాయి ఫోనుకి కబురు: వాసన పోగొట్టడానికి డిపాజిట్‌లోంచి 75 పౌండ్లు మినహాయించాం. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. పోపు పెట్టిన గరిటె ఒడిలో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూచుంది. తిట్టినా బాగుండేది.

సెయింట్ నికొలస్ చర్చి ఊరికి కాస్త ఎడంగా, గుట్ట మీద ఉంది. 1086 నాటి డూమ్స్‌డే లెక్కల్లో, అంటే మన కరణాల అడంగల్ లాంటి దాంట్లోనే, ఈ ఊరి చర్చి ప్రస్తావన ఉంది. పక్కన యూ చెట్టు, వెయ్యేళ్ళు దాటిందంటారు, నడుమ తొర్ర. వెనక 93 మంది న్యూజిలాండ్ సైనికుల సమాధులు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడ వాళ్ళ ఆస్పత్రి ఉండేది. వేల పాములు పట్టి గుడిసెలో బతికి 1905లో పోయిన బ్రషర్ మిల్స్‌కి కూడా పాలరాతి పలక ఉంది, అందులో చేతిలో పాములతో అతని బొమ్మ.

ఆ తరవాత కనిపించింది సుఖా అనే అతని సమాధి రాయి. బరేలీ మనిషి. గాయపడ్డ భారతీయ సిపాయిలకి ఇక్కడ పెట్టిన లేడీ హార్డింజ్ ఆస్పత్రిలో ఊడ్పు పని, పాకీ పని చేసేవాడు. 1915 జనవరి 12న ముప్ఫై ఏళ్ళకే పోయాడు. అంటరానివాడని హిందువులు దహనానికి ఒప్పుకోలేదు, తమవాడు కాదని వోకింగ్‌లో ముసల్మానులు చోటివ్వలేదు. చివరికి ఈ ఊరి పాస్టరు తన చర్చి ఆవరణలో పాతిపెట్టించాడు. రాయి ఊరివాళ్ళు చందాలేసుకుని వేయించారు. అతను క్రైస్తవుడు కాడని కూడా దాని మీదే చెక్కారు. నాచు పట్టిన అక్షరాలు వేలితో తడుముతూ నేను ఒక్కో మాటా తెలుగులో చెప్పాను.

"ఏవండీ, మనవాళ్ళే వద్దన్నారా?" అంది మా ఆవిడ. పొద్దుటినుంచి ఆమె మాట్లాడిన మొదటి మాట అది. అవునన్నాను. రాయి ముందు పడ్డ ఆకులు చేత్తో పక్కకి తీసింది.

బస బుక్ చేసిన వెబ్‌సైటువాళ్ళతో మూడు వారాలు పోరాడితే 40 పౌండ్లు వెనక్కొచ్చాయి. వెళ్ళేవాళ్ళు కాటేజీల జోలికి పోకండి, పోతే నియమాల కాగితం ముందే ఫోటో పంపమనండి. అసలు లండన్ వాటర్లూలో రైలెక్కితే గంటన్నరలో బ్రోకెన్‌హర్స్ట్, స్టేషన్ నుంచి చర్చి పావుగంట నడక. పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చు.

ఆ మధ్యాహ్నం చర్చి బయట బల్ల మీద మిగిలిన దద్దోజనం తిన్నాం. డబ్బా మూత తియ్యగానే ఇంగువ వాసన గుప్పుమంది. గేటు అవతల మేస్తున్న గోధుమరంగు గుర్రం ఒకటి తలెత్తి, మెల్లగా నడిచొచ్చి, మా బల్ల మీదికి మెడ చాచింది. మా ఆవిడ డబ్బా ఒళ్ళోకి లాక్కుని, "ఛీ పో, వంద పౌండ్లు" అంది.