షాటరీలో షేక్‌స్పియర్ అత్తారిల్లు

బర్మింగ్‌హామ్ మూర్ స్ట్రీట్‌లో రైలెక్కితే స్ట్రాట్‌ఫర్డ్ గంట లోపే. హెన్లీ స్ట్రీట్‌లో షేక్‌స్పియర్ పుట్టిన ఇల్లు చూశాం, తోటలో ఠాగూర్ విగ్రహం కనపడగానే నాన్న ఫొటో దిగారు. కానీ ఆయన మనసు పడింది మైలు దూరంలో, షాటరీలో ఉన్న అత్తారింటి మీద. అదే షేక్‌స్పియర్ భార్య ఆన్ హాథవే పుట్టింటి కాటేజ్. బస్సు కోసం చూడకండి, కాలిబాటన నాన్నతో సహా అరగంటలో చేరాం.

కాటేజ్ అంటున్నారని గుడిసె అనుకునేరు. 12 గదుల రైతు ఇల్లు. పాత భాగం 1463 నాటిది. గైడ్ ఆన్ పెళ్లి కబుర్లు చెబుతుంటే నాన్న మాత్రం తలెత్తి కప్పు చూస్తున్నారు. "నిట్రాడ ఏదమ్మా?" అన్నారు. కోనసీమ తాటాకింట్లో పుట్టిన మనిషి మరి!

నిట్రాడ లేదు. ఒంపు తిరిగిన ఓక్ మానుని నిలువునా చీల్చి, రెండు బద్దల్నీ ఎదురెదురుగా వాల్చి, కొసలు పైన కలిపారు. దాన్ని అక్కడ క్రక్ అంటారు. కప్పు బరువు మోసేది ఆ జతే, గోడలు అడ్డుతెరలు. కలప పచ్చిగా ఉండగానే చెక్కి చెక్క చీలలు దిగ్గొట్టేవారు. ఎండేకొద్దీ మెలితిరిగి కీళ్లు ఇంకా బిగుసుకుంటాయి. ఆ కాలపు ఇళ్లలో ఏ దూలమూ తిన్నగా ఉండనిది అందుకే. సందుల్లో తడిక అల్లి, గడ్డీ పేడా కలిపిన మట్టి మెత్తడం. "ఇది మనదేగా!" అన్నారు నాన్న.

మొదట పొగగొట్టం లేదు, మేడా లేదు. నేల మీద మంట, పొగ కప్పులోంచే పోయేది. 1610లో ఆన్ సోదరుడు బార్తొలొమ్యూ ఇల్లు కొని పెంచాడు. 1892లో షేక్‌స్పియర్ ఇళ్లను చూసుకునే ట్రస్టు చేతికొచ్చింది. 1969లో నిప్పంటుకుని కొంత కాలితే బాగుచేశారు.

ఆ రాత్రి బస కూడా ఊళ్లో అలాంటి పాత కలప ఇంట్లోనే తీసుకున్నాను, నా సరదా కొద్దీ. పొద్దున టిఫిన్‌కి వంక పెట్టక్కర్లేదు. నేల వాలుకి సూట్‌కేసు దానంతటదే తలుపు దాకా దొర్లింది. దూలం రెండుసార్లు నుదుటికి తగిలింది. మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి, వెబ్‌సైట్ ఫొటోల్లో వాటి ఊసే లేదు. పెద్దవాళ్లుంటే కింది గది ముందే అడగండి, లేదా స్టేషన్ దగ్గర మామూలు హోటల్ చూసుకోండి.